తోజీ గుడి సంతలో కొన్న పాత జపాన్ రాత పెట్టె పగులుతోంది, ఏం చేయాలి?

ఒసాకా_కావ్య
నవంబరులో క్యోటో వెళ్ళినప్పుడు తోజీ గుడి సంతలో పాత రాత పెట్టె ఒకటి కొన్నాను. ప్రతి నెలా 21న జరిగే సంత అది, ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలిసే ఉంటుంది. నల్లటి లక్క పెట్టె. మూత మీద బంగారు గీతల్లో రెల్లు దుబ్బులు, ఒక మూల చంద్రుడు. దుబ్బుల మధ్య చిన్న చిన్న పువ్వులు, వాటి రేకులు ముత్యపు చిప్పతో పొదిగినవి. మూత తిప్పి చూస్తే లోపలివైపు బారుగా ఎగిరిపోతున్న బాతులు. పెట్టెలో సిరా రాయి, అంటే సిరా కడ్డీ అరగదీసుకునే రాయి, దాని పక్కన చిన్న రాగి నీళ్ళ బుడ్డి. 18,000 యెన్లు. అమ్మిన పెద్దాయన పాత గుడ్డలో చుట్టి రెండు చేతులతో అందించాడు.

ఇంటికొచ్చాక అందరికీ కనబడాలని హాల్లో షోకేసు పై అరలో పెట్టాను. ఎదురుగా హీటరు. ఇప్పుడు ఫిబ్రవరి. మూత అంచున వెంట్రుక మందాన గీత వచ్చింది, ఒక మూల లక్క పొర కొద్దిగా పైకి లేచింది. నిన్న మా పాప సాక్సుకి ఏదో తళుక్కుమంటుంటే వంగి చూశాను. పువ్వు రేకు! చిటికెన వేలి గోరులో సగం కూడా లేదు. కాగితంలో పొట్లం కట్టి దాచాను. రాత్రంతా ఒకటే టెన్షన్.

సూపర్ గ్లూతో అంటించేద్దాం అంటారు మా ఆయన. అమ్మ వీడియో కాల్‌లో చూసి "చంద్రుడు నల్లబడిపోయాడు, కాస్త చింతపండు పెట్టి తోమవే" అంది. నేనింకా ఏమీ చేయలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. ఫొటోలు నాలుగు పెట్టాను.

పాతసామాన్ల_మూర్తి
చింతపండు వద్దు, గ్లూ వద్దు. ముందు ఆ పెట్టెని హీటరు ఎదుట నుంచి తీసేయండమ్మా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

గోదారిగట్టు
మూడో ఫొటో పెద్దది చేసి చూశాను. అచ్చం మా లంకల్లో దసరా రోజులకి పూసే రెల్లులాగే ఉంది. గాలి ఎటు వీస్తోందో కూడా తెలిసిపోతోంది.

ఏటికొప్పాక_అల్లుడు
లక్కే కదా, అంత భయం దేనికి? మా అత్తగారి ఊళ్ళో బొమ్మ తిరుగుతుండగా లక్క కర్ర ఆనిస్తారు, ఆ వేడికే కరిగి పట్టేస్తుంది. లేచిన మూలకి హెయిర్ డ్రయ్యర్ కాస్త చూపించి వేలితో నొక్కితే కూర్చుంటుందేమో.

రసాయనం_మాష్టారు
అల్లుడుగారూ, ఆ డ్రయ్యర్ ముందు కింద పెట్టండి.

మన లక్క పురుగు ఇచ్చేది. కొమ్మలకి పట్టిన లక్క పురుగులు స్రవించే జిగురు. వేడికి మెత్తబడుతుంది, స్పిరిట్‌లో కరుగుతుంది. అందుకే అంకుడు కర్ర మీద అంత నున్నగా పరుచుకుంటుంది. జపాను లక్క చెట్టు పాలు. ఆ చెట్టునీ పాలనీ కూడా ఉరుషి అనే అంటారు. బెరడుకి గాట్లు పెట్టి, ఊరిన పాలని గరిటెతో గీకి తీస్తారు. పదీ పదిహేనేళ్ళు పెంచిన చెట్టు ఒక కాలమంతా గాట్లు తింటే వచ్చేది సుమారు 200 గ్రాములు. తర్వాత ఆ చెట్టుని కొట్టేస్తారు, మోడు నుంచి మళ్ళీ చిగుళ్ళు రావాలి. ఇవాళ జపానులో వాడే ఉరుషిలో చాలా భాగం చైనా నుంచి వస్తున్నదే. సొంతంగా పండేదాంట్లో ఎక్కువ ఇవాతే జిల్లా జోబోజి వైపుది.

ఒకసారి గట్టిపడ్డాక ఉరుషి స్పిరిట్‌కి కరగదు, ఆమ్లానికి లొంగదు, వేడికి మెత్తబడదు. డ్రయ్యర్ పెడితే పొర కూర్చోదు, ఇంకా లేస్తుంది.

ఇంకో సంగతి. వడియాలు ఎండలో ఎండుతాయి, ఇది తేమలో ఎండుతుంది. దాంట్లో లాకేజ్ అనే ఎంజైము ఉంది, అది పనిచేయాలంటే గాలిలో 70 నుంచి 85 శాతం తేమ కావాలి, 20 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. అందుకే పూత పూసిన ప్రతిసారీ లోపల తడిపిన చెక్క అలమరాలో పెట్టి తలుపు మూస్తారు.

పలాస_పిల్ల
మాష్టారూ, ఉరుషి పాలు తగిలితే ఒళ్ళు పొక్కుతుందని విన్నాను. అది మా జీడి నూనె లాంటిదేనా?

రసాయనం_మాష్టారు
దాని చుట్టమే. ఉరుషి, జీడిమామిడి, మామిడి, నల్లజీడి అన్నీ ఒకటే కుటుంబం. మామిడికాయ సొన మూతికి తగిలి పుండు పడడం, చాకళ్ళు బట్టలకి గుర్తు పెట్టిన నల్లజీడి రసం ఒంటికి పొక్కడం, ఉరుషి పని నేర్చుకునే కుర్రాళ్ళకి మొదట్లో చేతులు వాచిపోవడం, అన్నిటి వెనకా దగ్గర దగ్గర పదార్థాలే. గట్టిపడ్డ పాత పెట్టెతో మామూలుగా ఆ ఇబ్బంది ఉండదు. కావ్యగారి పాప ముట్టుకున్నా భయం లేదు.

పలాస_పిల్ల
మా అమ్మ ఇరవై ఏళ్ళు జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టింది. చేతులకి ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చునేవాళ్ళు. అయినా వేళ్ళ కొసలు నల్లగానే ఉండేవి, పెళ్ళిళ్ళకి వెళ్తే చేతులు కొంగులో దాచుకునేది. ఆ నల్లరంగు సబ్బుకీ పోదు, కిరోసిన్‌కీ పోదు. ఈ పెట్టె నలుపు చూస్తే ఆ వేళ్ళే గుర్తొచ్చాయి.

రసాయనం_మాష్టారు
ఆ నూనెతో జపానులో రంగే చేస్తారమ్మా. జీడిపిక్క పెంకు నూనెతో తయారైన పూతని అక్కడ కషూ అనే పేరుతోనే అమ్ముతారు. ఉరుషి కొనలేనివాళ్ళు ఇళ్ళలో పూజా మందిరాలకీ గిన్నెలకీ అది వేస్తారు. మీ అమ్మగారి పనికి ఇక్కడో చుట్టరికం ఉంది.

ఏటికొప్పాక_అల్లుడు
సరే మాష్టారూ, ఒప్పుకున్నా. ఇన్నాళ్ళూ లక్క అంటే లక్కే అనుకున్నాను. మా మామగారికి చూపిస్తే అసలు నమ్మలేదు, "చెట్టు పాలతో ఆ మెరుపా!" అన్నారు.

ఒసాకా_కావ్య
హీటరు దగ్గర్నుంచి తీసేశాను. కానీ ఆమ్లానికే లొంగనిది నా హీటరుకి ఎలా పగిలింది?

పాతసామాన్ల_మూర్తి
పగిలింది లక్క ఒక్కటే కాదమ్మా, లోపల కర్ర కదిలింది. పెట్టె అసలు ఒళ్ళు పల్చటి చెక్క. కర్ర గాలిలో తేమని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది, అదీ ఎక్కువగా అడ్డం వైపు. హీటరు గదిలో గాలి ఎండిపోతే కర్ర కుంచించుకుపోతుంది, పైనున్న గట్టి పొర దాంతో కలిసి రాలేదు. అప్పుడు అంచుల్లో చీలుతుంది, మూలల్లో లేస్తుంది. ముత్యపు చిప్ప రేకైతే అసలు కదలనిది, అది ముందే ఊడుతుంది.

దీనికో పాత కథ ఉంది. 1873లో వియన్నాలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడికి పంపిన జపాను సామాను తిరిగి తెస్తున్న నీల్ అనే ఫ్రెంచి ఓడ 1874 మార్చిలో జపాను ఇజు తీరం దగ్గర మునిగిపోయింది. ఏడాది దాటాక సముద్రంలోంచి కొన్ని లక్క సామాన్లు పైకి తీస్తే పెద్దగా చెడలేదు. ఏడాది పైన ఉప్పు నీళ్ళలో ఉన్నా నిలిచిన వస్తువుని మన ఇంటి హీటరు మూడు నెలల్లో చీల్చేస్తుంది.

ఎండ కూడా శత్రువే. ఎండలోని అతినీల కిరణాలకి మెరుపు చచ్చి, నలుపు గోధుమ రంగుకి తిరుగుతుంది, పొర పెళుసవుతుంది. కిటికీ పక్కన పెట్టకండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. చల్లటి గదిలో చెక్క బీరువా లోపల, మెత్తటి నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. పెట్టె కింద తడి గుడ్డ, పక్కన వేడి నీళ్ళ గిన్నె లాంటివి వద్దు, తేమ ఒక్కసారిగా పెరిగినా ప్రమాదమే. సిలికా జెల్ పొట్లాలు అస్సలు వేయకండి. లేచిన మూలని వేలితో నొక్కకండి. ఊడిన రేకు పొట్లంలో పెట్టారు చూశారూ, చాలా మంచి పని చేశారు.

నగల_వీధి_సాయి
ఆ గీతలు నిజం బంగారమేనా అన్నా? ఎన్ని గ్రాములు ఉంటుంది?

పాతసామాన్ల_మూర్తి
నిజం బంగారం అయ్యుండచ్చు సాయీ, పాతవాటిలో మామూలే. కానీ బంగారు రేకు అతికించింది కాదు, పొడి చల్లింది. ముందు తడి ఉరుషితో బొమ్మ గీస్తారు. అది ఆరేలోపు, కొసన సన్నటి గుడ్డ కట్టిన గొట్టంలో బంగారు పొడి పోసి, వేలితో తట్టుతూ మీద రాలుస్తారు. గీత ఉన్నచోట పొడి అంటుకుంటుంది. దాన్ని మకీయె అంటారు, చల్లిన బొమ్మ అని అర్థం. మన ఆడవాళ్ళు వేళ్ళ సందుల్లోంచి ముగ్గు వదిలినట్టు అనుకో. ఈ పెట్టెలో ఉన్న పొడి గీకితే నీ తరాజు ముల్లు కదలదు. దాని విలువ గీతలోనే ఉంది.

నగల_వీధి_సాయి
మేము నగ మెరుగు పెట్టాక నేల ఊడ్చిన దుమ్ము కూడా అమ్ముకుంటాం అన్నా, అందుకే అడిగాను. గొట్టంతో తట్టి అంత సన్నటి గీత మీద పడేట్టు చేశారంటే దండం పెట్టాలి.

సిరాచుక్క
నాలుగో ఫొటోలో సిరా రాయి చూశారా ఎవరైనా? పల్లంగా ఉన్న మూల నల్లగా ఎండిపోయిన సిరా తెట్టు ఉంది. నాకు ఈ పెట్టెలో అన్నిటికంటే అదే నచ్చింది.

నేను నగోయాలో ఆరేళ్ళుగా కుంచె రాత నేర్చుకుంటున్నాను. దీన్ని సుజురిబాకో అంటారు, సిరా రాయి పెట్టె అని. బుడ్డిలోంచి నాలుగు చుక్కలు రాయి మీద వదిలి, సిరా కడ్డీ పట్టుకుని గంధం తీసినట్టు నెమ్మదిగా అరగదీయాలి. తొందరపడితే సిరా గరుకుగా వస్తుంది. మా టీచరుగారు అరగదీస్తున్నంతసేపూ మమ్మల్ని మాట్లాడనివ్వరు. ఆ పది నిమిషాల్లో ఏం రాయాలో మనసులో కుదురుకోవాలంటారు. మూత పక్కన వెల్లకిలా పెడతాం. కావ్యా, మూత లోపల బాతులు ఎందుకున్నాయంటే ఇందుకే. బయట బొమ్మ చూసేవాళ్ళకి, లోపలి బొమ్మ రాసేవాళ్ళకి.

రెండో ఫొటోలో మూత అంచు ఎడమ పక్క బంగారం అరిగి ఎర్రటి అడుగు కనిపిస్తోంది. అక్కడే బొటనవేలు పడుతుంది. ఒక మనిషి ఏళ్ళ తరబడి అక్కడే పట్టుకుని తెరిచారు.

ఒసాకా_కావ్య
సిరాచుక్క అక్కా, ఇప్పుడే వెళ్ళి పట్టుకుని చూశాను. నా బొటనవేలు సరిగ్గా అక్కడే కూర్చుంది. ఒళ్ళు జలదరించింది.

సిరాచుక్క
బాగుచేయించాక వాడు దాన్ని. రాయి బయటికి తీసి బల్ల మీద పెట్టుకుని రాసుకో. పెట్టె ఉన్నది అందుకే.

పాతసామాన్ల_మూర్తి
ఇక్కడ నేను ఒప్పుకోను సిరాచుక్కగారూ. నీళ్ళు, సిరా, ఇంట్లో చిన్నపిల్ల. వాడుకోవాలంటే కొత్త రాయి ఒకటి కొనుక్కోవచ్చు. దీన్ని చూసి దాచుకోవాలి.

సిరాచుక్క
చీకట్లో గుడ్డలో చుట్టి దాచేస్తే చూసేదెవరు? చేతిలో చేయి మారుతూ వాడబట్టే కదా ఇది ఇన్నాళ్ళు బతికింది. రాయి తీసి వాడమన్నాను, పెట్టెలో నీళ్ళు పోయమనలేదు.

గోదారిగట్టు
ఇద్దరూ రెండు వైపులా లాగకండి, పెట్టె ఇప్పటికే పగిలి ఉంది :)

ఉయెనో_శ్రీను
రాత పెట్టెల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. టోక్యో నేషనల్ మ్యూజియంలో పేరున్నవి రెండున్నాయి, రెండూ జాతీయ నిధులు. ఏడాది పొడవునా బయట పెట్టరు, వెలుగు తగలకూడదని కొన్నాళ్ళు చూపించి లోపలికి తీసేస్తారు. నేను మూడుసార్లు వెళ్తే ఒక్కసారి ఒక్కటే దొరికింది.

ఒకటి ఒగాతా కోరిన్ చేసింది, 18వ శతాబ్దిది. రెండు అంతస్తుల పెట్టె, పైన రాయి, కింద కాగితాలు. చుట్టూ నీటి ఐరిస్ పువ్వులు ముత్యపు చిప్పతో, వాటి మధ్యలోంచి వంకర్లు తిరిగే చెక్క వంతెన సీసం రేకుతో. ఈసే కథలు అనే పాత జపాను పుస్తకంలో ఒక ఘట్టం అది. ఊరు వదిలి పోతున్న మనిషి ఎనిమిది పలకల వంతెన దగ్గర ఆగి, ఆ పువ్వు పేరులోని అయిదక్షరాలు అయిదు పాదాల మొదట వచ్చేట్టు పద్యం చెప్తాడు. పెట్టె మీద మనిషి లేడు, పద్యం లేదు. పువ్వులూ వంతెనా మాత్రమే. తెలిసినవాడికి మిగతాది గుర్తొస్తుంది.

రెండోది హొన్నామి కోఎత్సుది, ఇంకా ముందుది, 17వ శతాబ్ది. మూత బోర్లించిన బుట్టలా ఉబ్బుగా ఉంటుంది. దాని మీద అడ్డంగా సీసపు పట్టీ, అది పడవల వంతెన. పాత పద్యం ఒకటి వెండి అక్షరాలతో పరిచాడు. అయితే పద్యంలో పడవల వంతెన అనే మాట మాత్రం రాయలేదు. ఆ మాట ఉండాల్సిన పని బొమ్మే చేస్తుంది.

గోదారిగట్టు
శ్రీనూ, ఇది అవధానంలా ఉందయ్యా! మొదటిది ఇచ్చిన అక్షరాలతో పద్యం, రెండోది ఒక మాట నిషేధించి పద్యం. పృచ్ఛకుడు మాత్రం పెట్టె.

ఉయెనో_శ్రీను
బాబాయ్, భలే పట్టారు! అందుకే కావ్యగారి పెట్టె మీద కూడా రెల్లు, చంద్రుడు, బాతులు ఊరికే వచ్చి ఉండవు. మూడూ శరత్కాలం గుర్తులు, అక్కడి పద్యాల్లో పదే పదే వచ్చేవి.

సిరాచుక్క
నగోయా తొకుగావా మ్యూజియం కూడా చూడాలి. 1639లో అప్పటి జపాను పాలకుడు షోగున్ ఇయెమిత్సు కూతురు చియోహిమె పెళ్ళికి చేయించిన సారె సామాను అక్కడుంది, కోఆమి నాగషిగె చేశాడు. ఆ అమ్మాయికి అప్పటికి రెండేళ్ళు నిండాయంతే. రాత పెట్టెలు, అద్దం పెట్టెలు, అలమరాలు అన్నీ ఒకే వరస బొమ్మలతో. చూస్తూ కూర్చుంటే పొద్దు గుంకినా తెలియదని దానికి పొద్దుగుంకే సామాను అని పేరొచ్చింది. నేను వెళ్ళిన రోజు మూసేవేళ అయిందని గార్డు వచ్చి చెప్పాడు, అంటే పేరు సరిగ్గానే పెట్టారు.

పారిస్_పద్మ
ఫ్రాన్సు రాణి మారీ ఆంత్వానెత్‌కి కూడా ఈ పిచ్చి ఉండేది. తల్లి మరియా థెరీసా 1780లో చనిపోతూ తన జపాను లక్క పెట్టెలు కూతురికి వదిలి వెళ్ళింది. ఆమె వాటికి ఇంకా కొన్ని చేర్చుకుంది. ఇప్పుడు పారిస్ లూవ్రు మ్యూజియంలో, వెర్సాయ్ రాజభవనంలో కొన్ని చూడొచ్చు. అరచేతిలో పట్టేంత పెట్టెలు.

వరంగల్_విజయ
మా అత్తయ్య దగ్గర ఇలాంటి నల్ల పెట్టె ఉంది, మామయ్య టోక్యో ట్రిప్పులో తెచ్చారు. అసలుదో కాదో ఎట్ల తెలుస్తది? స్పిరిట్ పెట్టి రుద్ది చూడాల్నా?

పాతసామాన్ల_మూర్తి
ఏమీ రుద్దవద్దు విజయగారూ. చేత్తో ఎత్తి చూడండి, చెక్క పెట్టె కంటికి కనబడినదాని కంటే తేలిగ్గా ఉంటుంది. అంచుల్లో అచ్చు పోసిన గీత ఉంటే అది ప్లాస్టిక్. భూతద్దం పెట్టి బంగారు గీత చూడండి. చల్లినదైతే రేణువులు విడివిడిగా కనిపిస్తాయి, అంచు దగ్గర పల్చబడతాయి. ముద్రించినదైతే వరసగా చుక్కలుంటాయి. సంతకం ఉంటే మాత్రం తొందరపడి నమ్మకండి, గొప్పవాళ్ళ పేర్లు తర్వాతివాళ్ళు వేసినవి బోలెడు. సంతకం లేకపోతే తక్కువదని కూడా కాదు.

వరంగల్_విజయ
అచ్చు గీత ఉంది. అయినా మామయ్య గుర్తు, అది ఎక్కడికీ పోదు.

రసాయనం_మాష్టారు
కావ్యగారూ, గ్లూ సంగతి మీ ఆయనకి ఇలా చెప్పండి. సూపర్ గ్లూ పెట్టాక తీయాలంటే లక్క పొరే లేచి వస్తుంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మజరీన్ పెట్టె అని జపానులో 1640 ప్రాంతంలో చేసిన పెద్ద భోషాణం ఉంది. దాని మీద ఎప్పుడో యూరపులో వార్నిష్ పూశారు, అది పసుపుపచ్చగా మారి కూర్చుంది. 2004లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి బాగుచేయాల్సి వచ్చింది. ఒకసారి పూసింది తీయడం అంత తేలిక కాదు.

ఒసాకా_కావ్య
మూడు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. మూర్తిగారు చెప్పినట్టే చెక్క బీరువాలో పెట్టాను, గీత ఇంక పెరగలేదు. నిన్న క్యోటోలో లక్క సామాను బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్న గది, లోపల ఒక హీటరు లేదు, నేను కోటు విప్పలేదు. ఆయన ముందు పెట్టెకి తల వంచి నమస్కారం పెట్టి, తర్వాత గుడ్డ విప్పాడు.

పావుగంట ఏమీ మాట్లాడలేదు. భూతద్దంతో మూల చూశాడు, మూత చెవి దగ్గర పెట్టుకుని గోరుతో చాలా మెల్లిగా తట్టాడు. పొర కిందంతా పట్టుకుని ఉన్నచోట ఒక చప్పుడు, లేచినచోట ఇంకో చప్పుడు. నాకు కూడా వినిపించాడు. దోరగా వేగిన అప్పడం మీద తట్టినట్టుంది లేచినచోట.

రేకు పొట్లం ఇస్తే నవ్వి, చాలామంది పెట్టె తెస్తారు, రేకు ఊడ్చేస్తారు అన్నాడు. దాన్ని నికావాతో, అంటే పశువుల చర్మం ఉడికించి తీసే జిగురుతో అతికిస్తాడట. రేపెవరికైనా మళ్ళీ తీయాల్సి వస్తే గోరువెచ్చటి నీళ్ళతో వచ్చేస్తుంది. పగులులోకి పల్చటి ఉరుషి పట్టించి తుడిచేస్తాడు. కానీ వెంటనే కాదు. పెట్టె తన దగ్గర మూడు నెలలు ఊరికే ఉండాలట, వానాకాలం తేమకి కర్ర మళ్ళీ కుదురుకున్నాక అప్పుడు ముట్టుకుంటాడు.

చంద్రుడి సంగతి అడిగాను. అది వెండి పొడి, నల్లబడడం దాని లక్షణం, రుద్దితే పొడితో పాటు చంద్రుడే పోతాడు అన్నాడు. అమ్మకి ఫోన్లో చెప్తే కాసేపు ఆగి, "సర్లే, మబ్బు పట్టాడనుకుంటాను" అంది.

పాతసామాన్ల_మూర్తి
మంచి చేతుల్లో పెట్టారమ్మా. ఆయన తట్టి వినిపించాడంటే ఇంక నాకు దిగులు లేదు.

సిరాచుక్క
సిరా తెట్టు కడుగుతానన్నాడా?

ఒసాకా_కావ్య
లేదక్కా. నేనే అడిగాను, అలాగే ఉంచుతానన్నాడు. రాయి మాత్రం నాకు తిరిగి ఇచ్చేశాడు, పెట్టె బాగయ్యేలోపు అరగదీయడం నేర్చుకోమని. వచ్చే ఆదివారం నగోయా వస్తే మీ క్లాసులో కూర్చోనిస్తారా?

సిరాచుక్క
పది గంటలకి రా. మాట్లాడకుండా కూర్చోవాలి, ముందే చెప్తున్నా. కడ్డీ నా దగ్గరిది ఇస్తాను.

గోదారిగట్టు
మొదట ఏం రాస్తావో ఫొటో పెట్టమ్మా. తెలుగులోనే రాయి.